పరగడుపు మిరపతోట

మా మిరపతోట పక్కతోట ఆయనది. వరసకు బాబాయి. రాగి చెంబులో నిలవుంచిన నీళ్లు పొద్దున్నే పరగడుపున తాగి, పొట్ట నిమురుకుంటూ, "రాగి లోపలంతా కడిగేస్తుందిరా" అనేవాడు. మోకాళ్ల నొప్పికీ అదే మందు, అప్పుల దిగులుకీ అదే మందు.

నిరుడు తోటలకు ముడత తెగులు తగిలింది. మేమంతా గుంటూరు వెళ్లి పురుగుమందులు తెచ్చుకున్నాం. బాబాయి మాత్రం ఊళ్లో రాగి బిందెలన్నీ అడిగి తెచ్చి, సాయంత్రమే నీళ్లు నింపి, తెల్లారగట్ల మొక్కమొక్కకీ చెంబుతో పోశాడు. పిన్ని తిట్టుకుంటూనే బిందెలు అందించింది.

తోట ఎండిపోయింది. పలకరించడానికి వెళితే, వాడిన మొక్కను తన పొట్టలాగే నిమురుతున్నాడు.

"నీళ్ల తప్పేం లేదురా. ముందురోజు రాత్రి జల్లు పడిందిగా. నేను పోసేసరికి ఒక్క మొక్కా పరగడుపున లేదు."