మూడో వేలి వెడల్పు

అందరికీ రెండు వేళ్ళ దారి సరిపోతుంది. మామయ్యకు మాత్రం మూడు వేళ్ళ దారి కావాలి. ఆ ఒక్క పిచ్చీ లేకపోతే ఆయనంత ఇంజనీరు మరొకడు లేడని మేనల్లుడి గట్టి అభిప్రాయం.

ఇంజనీరంటే ఆదివారాలు మాత్రమే. మిగతా రోజుల్లో, ముప్పై ఏళ్ళపాటు, ఆయన ఆస్పత్రిలో స్ట్రెచర్ తోశాడు. ఆ రోజుల్లో చొక్కాలన్నీ ఎడమ భుజం దగ్గరే చిరిగేవి. అతుకులు వేయలేక అత్తయ్య తల పట్టుకునేది.

ఆదివారం అచ్చాఫీసు మేడమీద, పింగ్‌పాంగ్ బల్లపై బొమ్మ సిపాయిల యుద్ధం. గిన్నెలు తోమే స్టీలు పీచు ముళ్ళకంచె, మూతల కింద దాచిన మిరియాలు మందుపాతరలు, దూది పొగతెర. మామయ్య ఇంజనీరు దళం కంచె కోసి, పాతరలు ఏరి, అగ్గిపుల్లల కట్టలతో కందకం పూడ్చి దారి తీయాలి. అందాకా మేనల్లుడి కాల్బలం శత్రువును తలెత్తనివ్వకుండా కాల్చాలి. దారి తెరుచుకోగానే దూకి, అవతలి గుట్ట ఎక్కితే గెలుపు. దారిలో ప్రతి వేలి వెడల్పుకూ ఆటలో ఒక వంతు ఖర్చు.

"మామయ్యా, దారి తీస్తున్నావా, రోడ్డు వేస్తున్నావా?"

"ఆగరా. ఇంకొక్క వేలు."

"అవతలి వకీలు గారు ఇంటికెళ్ళి స్నానం చేసొచ్చారు!"

"మంచిదేగా. శుభ్రంగా ఉంటాడు."

ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోయింది. వచ్చేసరికి దారి మరో అరవేలు పెరిగింది.

ఆ ఏడు చివరాట వకీలుతోనే. గెలిస్తే ఇత్తడి కప్పు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పరీక్షా, ఒక్క పందెమూ కలిసిరాని మేనల్లుడు వారం ముందే అలమరలో దానికి చోటు చేసి పెట్టాడు. "ఈసారి రెండు వేళ్ళే" అని మామయ్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

మామయ్య ఒట్టు నిలబెట్టుకున్నాడు. రెండు వేళ్ళు తీసి, చేతులు కట్టుకుని దిగులుగా నిలబడ్డాడు. కాల్బలం దూసుకుపోయింది. గుట్ట ఇక ఒక్క వంతు దూరం. అంతలో వకీలు పాచిక వేసి ఒక సిపాయిని గాయపరిచాడు. మామయ్య వాణ్ణి అగ్గిపెట్టె మూతలో పడుకోబెట్టి, ముందొకణ్ణి, వెనకొకణ్ణి పెట్టి ఆ రెండు వేళ్ళ దారిలోనే వెనక్కి పంపాడు.

"చూశారా, పట్టింది! ఇన్నాళ్ళూ ఆ మూడోది దేనికండీ?" అన్నాడు వకీలు.

"స్ట్రెచర్ పడుతుంది బాబూ. పక్కన చెయ్యి పట్టుకుని నడిచేవాడు పట్టడు." మామయ్య సిగ్గుపడ్డాడు. "వాణ్ణి తప్పుకోమన్నామా, పడుకున్నవాడు దారంతా మెడ తిప్పి వెతుక్కుంటాడు. మా ఆస్పత్రి వరండా మరీ ఇరుకు. అందుకే నేనే గోడకు రాసుకుంటూ తోసేవాణ్ణి."

మేనల్లుడికి ఆ చొక్కాలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. ఆటలో మిగిలింది ఒక్క వంతు. గుట్టెక్కితే కప్పు.

"ఇంకొక్క వేలు" అన్నాడు.

"ఒరేయ్, ఓడిపోతాంరా!" మామయ్య గాభరాపడ్డాడు.

మేనల్లుడు మూతలెత్తి మిరియాలు ఏరాడు. గుట్ట కిందున్న సిపాయిని ఒకణ్ణి తెచ్చి స్ట్రెచర్ పక్కన నిలబెట్టాడు.

వకీలు కప్పు చంకన పెట్టుకుని నవ్వాడు. "ఏమయ్యా, నీకూ పట్టుకుందా ఈ పిచ్చి?"

"మేనమామ పోలికండీ" అన్నాడు వాడు, కప్పు గెలిచినవాడికన్నా నిటారుగా నిలబడి.