దాటకూడని తెర

బిట్రగుంటలో బస్సెక్కేసరికి వెనక తలుపు దగ్గర పెద్ద గుడ్డచుట్ట అడ్డంగా పడుంది. చిరిగిన అంచులో బొమ్మ వేసిన సింహాసనం కాలు కనిపించగానే ఆగిపోయాను. అది నాటకాల తెర. మా నాయన పౌరాణికాల్లో వేషం కట్టేవాడు. చుట్టిన తెర దాటితే ఆ రాత్రి నాటకం రసాభాస అవుతుందని మమ్మల్ని దాని దరిదాపులకు రానిచ్చేవాడు కాదు.

పక్క సీట్లో పెద్దాయన నన్ను చూశాడు.

"దాటమ్మా, పర్వాలేదు. చెడేదానికి ఇంక నాటకం యాడుంది?"

దాటకుండా ఆయన పక్కనే కూర్చున్నాను. ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగాను.

"జువ్వలదిన్నెకి. ఎండు చేపలు ఆరబోసుకునేదానికి అడిగినారు. తిరునాళ్లలో అంతా డీజేలే కదా, ఇంట్లో పెట్టుకోని ఏం చేసేది? మా నాయన వేసిన దర్బారు తెర ఇది. బొమ్మ పక్క మాత్రం కిందికి పరవమన్నాను. లేకపోతే రంగు చేపలకి అంటుకుంటుందని చెప్పినాను."

"నిజంగా అంటుకుంటుందా?"

"యాడ అంటుకుంటుందమ్మా. మా నాయన వేసిన రంగు."

దారంతా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు తెరను దాటుతూనే ఉన్నారు. ఒకరిద్దరు తొక్కారు కూడా.

ఆయన దిగాల్సిన చోటు వచ్చింది. కండక్టర్ చుట్టను కాలితో బయటికి తోశాడు. అది సరిగ్గా మెట్టు కిందే పడింది.

"దాటుకోని దిగు తాతా, టైమవతాంది."

పెద్దాయన కిందికి ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి, నిలబడ్డ జనాన్ని తోసుకుంటూ బస్సు ఆ చివరిదాకా నడిచి, ముందు తలుపులోంచి దిగాడు.