మా 'ద', బావ 'స'

నిరుడు వానల్లో తన్లిన్ ఊరి బస్సు దిగుతూ జారిపడ్డాను. పైవరసలో ముందుపళ్ళు రెండూ పోయాయి. తినడానికీ, మనుషుల మీద అరవడానికీ కట్టుడుపళ్ళతో ఏ లోటూ రాలేదు. ట్రంపెట్ దగ్గరే వచ్చింది చిక్కంతా. దాన్ని పెదవులకి నొక్కిపట్టి ఊదాలి, పై స్వరానికి వెళ్ళేకొద్దీ ఇంకా నొక్కాలి. నొక్కితే పళ్ళు కదిలేవి, స్వరం కీచుమనేది. పెళ్ళికి ముందు నుంచీ ఇక్కడ బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని మా తెలుగు చర్చిలో ప్రతి పండక్కీ ఊదినవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ట్రంపెట్ పాతదైపోయిందని అందరికీ చెప్పుకు తిరిగాను.

ఆ ట్రంపెట్ నాది కాదు, చర్చిది.

మా పాటల బృందానికి సంగీతం నేర్పే ఆమెని సయామ అంటాం. పంతులమ్మకి బర్మా మాట అది. కోతల పండక్కి ఆమె ఒక కొత్త సంగీతం తెచ్చింది. ఎప్పుడో మూడొందల ఏళ్ళ కిందట, దొరల దేశాల్లో రాజులు తోటల్లోనో నదిలో పడవల మీదో వినోదం చేసుకుంటుంటే వాయించడానికి కట్టిన నాట్యాల వరస. ఒకటి దర్జాగా నడుస్తుంది, తరవాతది గంతులేస్తుంది. ఆరుబయట ఫిడేళ్ళు గాలికి కొట్టుకుపోతాయి కాబట్టి ట్రంపెట్లు, డ్రమ్ములు, మన సన్నాయి లాంటి ఓబోలు పెట్టారట. మా పండగ కూడా ఈసారి నది అవతల దలాలో, ఒకరి పొలంలో.

"పండగనాడు మీరు ఊదగలిగితే ట్రంపెట్ మీ దగ్గరే ఉంటాది, మావయ్యా. లేపోతే ఇంకొకలికి నేర్పుతాను" అంది సయామ. మెత్తగానే అంది.

మాకు ఓబో లేదు. మా పక్కింటి బావకి సన్నాయి ఉంది. వరసకి బావ, మతానికి హిందువు. రోజూ ఫ్యాక్టరీకి పోతాడు, గుడి ఉత్సవాలకి సన్నాయి ఊదుతాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు! ట్రంపెట్టుకే దిక్కు లేకపోతే సన్నాయి కూడానా అనుకుంటూనే వెళ్ళి పిలిచాను. మా చర్చిలో దొరల డో-రే-మీ స్వరాల్నే తెలుగు అక్షరాల్లో రాస్తాం: ద ర మ ఫ స ల ట. ఆ కాగితమే బావ చేతిలో పెట్టాను.

సాధన మొదలైంది. మేం 'ద మ స' అని మెట్లెక్కుతుంటే బావ దిగిపోతున్నాడు. మధ్యలో ఉత్తినే బుస్సుమని గాలి వదులుతున్నాడు, ఒక్కో స్వరాన్ని ఈడ్చుకుపోతున్నాడు, ఉన్నట్టుండి ఆగిపోతున్నాడు. సయామ చెవులు మూసుకుంది.

"ఏటి బావా అది?" అన్నాను.

"నన్నడుగుతావేటి? మన స్వరాల్లో 'ఫ' ఎక్కడుంది? 'ఫ' అంటే ఊదమని గావాల అనుకున్నాను. 'ల' అంటే లాగమని. 'ట' అంటే టక్కున ఆపీమని."

నవ్వి నవ్వి పొట్టలు చెక్కలయ్యాయి. మేం 'ద'తో మొదలుపెడతాం, బావ 'స'తో. అక్షరాలు కొన్ని ఒకటే, దారులు వేరు. బావ కూడా నవ్వి, "అయితే మీ ద, నా స ఒకటే చేసీండి" అన్నాడు.

అనడం తేలికే. బావ 'స' మా 'ద' కంటే బాగా కింద ఉంది. సన్నాయికి ఉన్న శ్రుతి ఒకటే, దాన్ని పైకి లాగలేం. సయామ కాసేపు ఆలోచించి, అందరం బావ దగ్గరికే దిగుదామని సంగీతం మొత్తం కిందికి దించేసింది. మళ్ళీ మొదలుపెట్టాం. నన్ను భయపెడుతూ వచ్చిన పై స్వరం ఇప్పుడు పళ్ళు లేనివాడికి కూడా అందేంత కిందికి వచ్చింది. అందింది. వణికింది గానీ, అందింది. ఆ సాయంత్రం రైల్వే స్టేషన్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికి నడిచాను, సంతోషం పట్టలేక.

పండగనాడు ఫెర్రీ దిగి పొలానికి చేరేసరికి గాలి గట్టిగా ఉంది. మొదటి పిలుపు ట్రంపెట్‌ది, ఒంటరిగా. పెదవులు తడుపుకున్నాను. మొదటి స్వరం సన్నగా వచ్చింది. పై స్వరం దగ్గర పళ్ళు కదిలాయి, నొక్కడం తగ్గించి ఊపిరి పెంచాను. నిలబడింది. వెనకే బావ సన్నాయి అందుకుంది. గంతుల నాట్యం వచ్చేసరికి, రాజుల్ని ఎరగని మా ముసలమ్మలు చప్పట్లు కొడుతున్నారు. ఒకచోట తప్పాను. సయామ ఒక్కతే గమనించింది.

భోజనాలయ్యాక ట్రంపెట్ తుడిచి పెట్టెలో పెట్టి సయామకి అందించాను. ఏం చెబుతుందోనని చూస్తున్నాను.

"నాకెందుకు? ఇంటికి అట్టుకెళ్ళండి. క్రిస్మస్‌కి మొదటి ట్రంపెట్ మీదే."

నోరు తెరిచి నిలబడ్డాను. కళ్ళమ్మట నీళ్ళు. బావ పక్కకొచ్చి భుజమ్మీద చెయ్యేశాడు.

"ఏడిస్తే ఏడువు గానీ నోరు మూసుకో బావా, పళ్ళు జారిపోగలవు."

నోరు మూసుకునే ఏడ్చాను.