ఆర్డర్ల పుస్తకంలో కార్బన్ పేపర్

మట్టెవాడలో మా బాపుకు బట్టల దుకాణం ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న నేను, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇంగ్లండులోని ఒక కాలేజీకి సీటు కోసం ఉత్తరం రాశాను. నా దగ్గర ఒక కాపీ ఉండాలని, బాపు మిల్లులకు ఆర్డర్లు రాసే పుస్తకంలోంచి కొత్త కార్బన్ పేపర్ తీసుకుని, పని కాగానే మళ్ళీ అందులోనే పెట్టేశాను.

ఈ రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్తే, బాపు నా అక్షరాలు అచ్చుపడ్డ ఆ కార్బన్‌ను ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుని, నా ఇంగ్లీషును కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. చదువు మాన్పిస్తాడేమోనని భయపడుతూనే డబ్బాను గల్లా పక్కన పెట్టాను.

"ఇది నీ రాతేనా బిడ్డా?"

"అవును బాపూ."

"గిట్ల దుకాణంల పెడితే అందరు చూడరా?" అని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో కొత్త కార్బన్ నా చేతికిచ్చాడు. "మల్ల రాసేదుంటే దీంతోని రాయి. మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు, జర ఆగు."

"ఎందుకు బాపూ?"

"ఆమెకు చెప్పాల్నంటె నాకు గూడ భయమే."

ఇన్ని రోజులు ఇంట్లో నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఇప్పుడు ఇద్దరమయ్యాం. అమ్మ దగ్గరికి ముందు ఎవరు వెళ్ళాలో మీరే చెప్పండి.