చెంచాకు చెక్క పిడి

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో మాకు తెలిసినవాళ్లు రెండే రకాలు: సినిమాల్లో ఉన్నవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు. మా తాతయ్య మొదటి రకం. ఇంటర్వెల్ లోపే చచ్చిపోయే తండ్రి వేషాలు వేసేవాడు. పక్కింటి అక్క రెండో రకం. కంపెనీలో పని లేక ఆమెను బెంచి మీద కూర్చోబెట్టారని వాళ్లమ్మ దిగులుగా చెప్పింది. మా బళ్లో బెంచి మీద నిలబెట్టేవారు కాబట్టి, అక్క కంపెనీ మంచిదే అనుకున్నాను.

ఆ ఏడాది తాతయ్యకు పక్షవాతం వచ్చింది. ఈసారి నిజంగానే. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోక చెంచా జారిపోయేది. అమ్మ తినిపించబోతే నోరు బిగించేవాడు. అలవాటు కొద్దీ అందరం నటన అనుకున్నాం. మనిషి చిక్కి సగమయ్యాక, ముక్కులోంచి గొట్టం వేయక తప్పదేమో అన్నాడు డాక్టరు. అప్పుడు నేను కూడా నవ్వలేదు.

అక్క వచ్చి ఆయన చేతిలో ఏవేవో వస్తువులు పెట్టి చూసింది. టార్చిలైటు జారలేదు.

"పట్టు మంచిగనే ఉన్నది తాతా. చెంచానే బక్కగున్నది" అంది.

వాళ్ల నాన్న షూటింగులకు చెక్క సామాను చేసేవాడు. ఆయన పోయాక షెడ్డులో లేత్ దుమ్ముపట్టి ఉంది. అది మంచం కోళ్లు తీసేది. చెక్కను రెండు కొసలా అదిమి తిప్పుతుంది. చెంచా దూర్చడానికి పిడికి రంధ్రం పెట్టాలంటే ఒక కొస ఖాళీగా ఉండాలి. అందుకని అక్క ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో, చెక్కను ఒక కొసనే బిగించి పట్టుకునే పాత డ్రిల్లు చక్ కొనుక్కొచ్చింది. దాని వెనక సన్నగా దిగే ఇనుప తోకను లేత్ ఇరుసులోకి దూర్చి కొడితే బిగుసుకుంది. ఉలి పక్కనుంచి తగిలిందో లేదో, చక్కూ చెక్కా కలిసి ఊడొచ్చి రేకు తలుపును గుద్దాయి. నేను చటుక్కున నేల మీద పడుకున్నాను, చప్పుడు ఆగిన చాలాసేపటికి.

"సచ్చినవా?" అంది అక్క.

"లేదక్కా."

"అయితే లే. ఈ తోక ఎదురుంగ నూకితే ఆగుతది, పక్కకెల్లి కదిలిస్తే ఇడుస్తది. దీన్ని ఎన్కకెల్లి గుంజి పట్టాలె."

బోరబండ వర్క్‌షాపులో ఆ తోక చివర రంధ్రం పెట్టించి, లోపల మరలు తీయించింది. బోలుగా ఉన్న ఇరుసులోకి వెనకనుంచి పొడవాటి మర రాడ్డు పంపి, తోకలోకి తిప్పి, బయటి కొసకు నట్టు బిగించింది. ముందునుంచి చూస్తే ఏమీ మారినట్టు లేదు. ఈసారి మాత్రం ఊడలేదు. టేకు పిడి గుత్తివంకాయంత లావుగా, నున్నగా వచ్చింది.

పిడి బిగించిన చెంచా చూడగానే ఇంటిల్లిపాదీ పెరుగన్నం గిన్నె చుట్టూ మూగాం. తాతయ్య చెంచా పట్టుకుని, మా అందర్నీ చూసి మళ్లీ కింద పెట్టేశాడు.

"షూటింగ్ నడుస్తలేదీడ. నడువుండ్రి బయటికి" అని అక్క అందర్నీ వరండాలోకి తోలి, తనూ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. జీవితమంతా జనం చూస్తేనే పని చేసిన మనిషి, ఆ రోజు ఎవరూ చూడకుండా తిన్నాడు. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినగానే అమ్మ ఏడ్చేసింది.

"అన్నంల ఉప్పేసిన్రా ఆంటీ?" అని అడిగింది అక్క.

కాసేపటికి లోపలినుంచి తాతయ్య గొంతు ముద్దముద్దగా వినబడింది. "ఊరగాయేదే?"

ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో నలుగురికి పని నేర్పుతున్నాను. ఎవరి చెయ్యయినా తడబడుతుంటే కావలసింది పక్కన పెట్టి, ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడుస్తాను. అన్నన్ని ఫోన్లు ఎవరు చేస్తారండీ అని అడుగుతుంటారు.

మా పక్కింటి అక్క అని చెబుతాను.