సాయమ్మ పాట కింద మా అమ్మ పేరు

మా ఇంట్లో పాలు పోసే చెన్నమ్మ ఆ కబురు మొదట తెచ్చింది. కొల్లాపూర్ బడిలో సాయమ్మ మనవరాలు పాట పాడిందట. అది ఫలానా పుస్తకంలోది, ఎక్కడి నుంచి తెచ్చుకున్నావో ముందు చెప్పి పాడాలని పంతులు పదిమందిలో మందలించాడట. "మా అవ్వ కట్టింది సార్" అని పిల్ల అంటే బడంతా నవ్విందట. చెన్నమ్మ పాలు కొలుస్తూనే ఇదంతా చెప్పి వెళ్లిపోయింది. నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ పొద్దున నా మీద పడ్డ బరువును ఇన్నేళ్లూ దించుకోలేదు. చెప్పాల్సినప్పుడు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

దొంగ ఆ పిల్ల కాదు. నేను.

నేను బడి ముఖం చూడలేదు. చాటలో ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది మా అన్న. అమ్మ పోయాక నన్ను కూర్చోబెట్టుకుని పురాణం చదివించిందీ ఆయనే. పొద్దున లేస్తే ఎవరెవరికి రుణపడ్డానో తలచుకుని దండం పెట్టుకోవడం నాకు అలవాటు. ఆలంపురం జోగులాంబ తల్లి తరువాత అన్నే. మంచి అలవాటని అందరూ మెచ్చుకునేవారు. ఆ కృతజ్ఞతే నాకు ముసుగు అయింది. ఎంత మంచి ముసుగు! దాని కింద ఏం చేసినా పుణ్యంలాగే కనిపిస్తుంది.

తెలంగాణ ఆంధ్రతో కలిసిన రెండు మూడేళ్లకు అన్న పట్నంలో పెద్ద చదువుకు చేరాడు. మా వైపు ఆడవాళ్ల పాటల మీద గ్రంథం రాయాలి. మగవాళ్లు పోయి కూర్చుంటే ఆడవాళ్లు నోరు విప్పరు. అందుకని పాటలు రాసుకొచ్చే పని నాకు అప్పగించాడు. ఆయనకు దారి చూపే పెద్దాయన ఒక నియమం పెట్టాడట: ప్రతి పాట కింద పాడింది ఎవరో, ఏ ఊరో, కట్టింది ఎవరో, ఎవరి దగ్గర నేర్చుకుందో రాయాలి. రాయకపోతే అది పాట తీసుకోవడం కాదు, ఎత్తుకోవడం. ఆ మాట అన్న నాకు ఉత్తరంలో రాసి, కింద గీత కూడా గీశాడు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. ఆ గీత నా కళ్లతో చూశాను.

సాయమ్మ మా ఊరి గొర్రెల కాపరుల ఇంటి మనిషి. నా అమ్మమ్మ వయసు. నన్ను బిడ్డా అనేది, నేను అవ్వా అనేదాన్ని. ఒక ఏడు చిటుకు రోగం వచ్చి ఆమె మంద చాలావరకు పోయింది. ఆ దుఃఖంలో ఆమె ఒక పాట కట్టింది. బొల్లిది, నల్లచెవుల్ది, ఒంటికొమ్ముది, కుంటుది. ఒక్కొక్క దాన్ని పేరు పెట్టి పిలిచి, అది ఎక్కడ మేసిందో, ఎన్ని ఈతలు ఈనిందో చెప్పి, అత్తవారింటికి పంపినట్టు సాగనంపుతుంది. ఆ పాట విన్నప్పుడు నేను కలం కింద పెట్టేసి ఏడ్చాను. ఆఖరి చరణంలో "మందను పోగొట్టుకున్న సాయమ్మ కట్టింది" అని ఉంటుంది. వాళ్లలో అది కట్టుబాటు. ఎవరు కడితే వాళ్ల పేరు ఆఖరున పెడతారు. ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎక్కడైనా పాడవచ్చు, ఆ పేరు మాత్రం తీయకూడదు. గొర్రెపిల్ల పుట్టగానే చెవికి గాటు పెట్టి ఎవరిదో గుర్తు చేసుకున్నట్టే ఇదీ అని సాయమ్మ నాకు నవ్వుతూ చెప్పింది. నేను తలూపాను కూడా.

మరి ఎందుకు చేశాను?

అన్నకు పంపడానికి శుభ్రంగా మరో ప్రతి రాస్తున్నాను. అన్ని పాటల కింద ఎవరెవరి పేర్లో. మా అమ్మ పేరు ఒక్కచోటా లేదు. అమ్మకు పాటలు రావు. ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు. అంత మంచి పాట కింద అమ్మ పేరుంటే అన్న ఎంత మురిసిపోతాడో అనిపించింది. ఆయన రుణం కొంచెం తీరుతుందనిపించింది. ఆఖరి చరణంలో సాయమ్మ పేరు తీసి జోగులాంబ తల్లి పేరు పెట్టాను. అంతా తల్లిదే కదా అనుకున్నాను. పాట కింద అమ్మ పేరు పెట్టి "కట్టినదీ పాడినదీ మా తల్లి" అని రాశాను. రాసి, పుస్తకాన్ని పూజ దగ్గర పెట్టి దండం పెట్టుకున్నాను. చూడండి నా భక్తి! గొర్రెల దొంగ కూడా ఇంతే చేస్తాడు, పాత గాటు కనబడకుండా చెవిని ఇంకా లోతుగా కోస్తాడు. వాడు దేవుణ్ని అడ్డం పెట్టుకోడు, అంతే తేడా.

అన్న ఒక్కసారి అడిగాడు, అమ్మ ఈ పాట పాడేదా, నాకు గుర్తులేదే అని. నువ్వు ఇంట్లో లేనప్పుడు పాడేది అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పుస్తకం అచ్చయింది. ఆ పాటను అందరూ పొగిడారు.

చెన్నమ్మ కబురు తెచ్చిన మరునాడు సాయమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. వెంట నలుగురు ఆడవాళ్లు. పిల్ల చేతిలో ఆ పుస్తకం.

"బిడ్డా, నీకు సదువొస్తది. గిండ్ల నా పాట ఎట్లున్నదో జర సదువు" అంది సాయమ్మ.

చదివాను. వేరే దారి లేదు. ఆఖరి చరణంలో జోగులాంబ తల్లి పేరే చదివాను.

"నా పేరేది?"

"లేదవ్వా."

"కట్టింది ఎవలని రాసిండ్రు?"

"మా అమ్మ అని."

పక్కనున్న పటేలు భార్య పకపకా నవ్వింది. "ఏమే సాయవ్వా, భూమి లెక్క పాటకు గూడ పట్టా జేయించుకుంటవా ఏంది?" అంది. మిగతావాళ్లూ నవ్వారు. సాయమ్మ నవ్వలేదు. నా వైపే చూస్తోంది. నేను ఒక్క మాట చెబితే చాలు. ఆ పిల్ల తలెత్తుకుంటుంది. అన్న పరువు పోతుంది, ఆయన చదువు పట్టా ఏమవుతుందో తెలియదు. అంతే. ఆ రెంటిలో ఒకటి. నేను ఏం అన్నానో తెలుసా?

"పాటలు గట్లనే ఊర్లు తిరుగుతయి అవ్వా. మా అమ్మ గూడ ఎక్కడన్న ఇని పాడిందేమో."

ఆమె నెమ్మదిగా అడిగింది:

"పాటలు తిరుగుతయి, సరే. నా బొల్లిది మీ అమ్మ ఒళ్లె సచ్చిందా, దొరసానమ్మా?"

బిడ్డా అన్న నోటితోనే దొరసానమ్మా అంది. ఆమె పుస్తకాన్ని కొంగుతో తుడిచి అరుగు మీద పెట్టింది. "పా బిడ్డా" అని మనవరాలిని తీసుకుని వెళ్లిపోయింది.

పిల్లను బడిలో పాటదొంగ అని పిలవసాగారు. నెల తిరక్కుండానే అది బడి మానేసింది. సాయమ్మ మళ్లీ ఆ పాట పాడలేదు, ఎవరినీ పాడనివ్వలేదు. రెండేళ్లకు ఆమె పోయింది. శవం మా వాకిలి ముందు నుంచే వెళ్లింది. తలుపు సందులోంచి చూశాను. బయటికి రావడానికి కాళ్లు రాలేదా, ధైర్యం రాలేదా? కాళ్ల మీద నెట్టడం కూడా అబద్ధమే.

అప్పుడు అన్నకు నిజం రాశాను. జవాబు వచ్చింది. అచ్చయిపోయిందమ్మా, ఒక్క పాటే కదా, జానపదం అందరిదీ, ఇప్పుడెందుకు అని. నియమం కింద గీత గీసిన చెయ్యే అది. చదివి కోపంతో ఉత్తరం విసిరికొట్టాను. తరువాత ఆలోచిస్తే, నా అరుగు మీద నేను చెప్పిందే కదా ఆయన రాశాడు? పుస్తకం రాసినవాళ్ల పేరు అక్షరం పొల్లు పోకుండా ముందే వేస్తారు. గొర్రెల వెంట తిరిగిన ముసలిదాని పాట మాత్రం అందరిదీ! ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ, నాలాంటి దొంగలకు బాగా పనికొచ్చింది. బడిలో ఆ పంతులు చెప్పిన నియమం మంచిదే. దాన్ని నేను తలకిందులు చేస్తే, పాట కట్టిన ఇంటి పిల్లకే శిక్ష పడింది.

సాయమ్మ మనవరాలి దగ్గరకు పోయి ఇదంతా చెప్పాను, పోయిన నెల. ఇప్పుడది ఇద్దరు పిల్లల తల్లి. మేక పాలు పిండుతూ విన్నది. పోతానని లేస్తే కూర్చోమని అనలేదు. అదే న్యాయం.

క్షమాపణ కోసం రాయడం లేదు. ఇవ్వగలిగిన మనిషి లేదు, జోగులాంబ తల్లిని అడగడానికి నాకు మొహం లేదు. ఈ కాగితం మీద నిజం రాశాక మాత్రం, చాలా రోజులకు, గుండె నిండా గాలి పీల్చుకున్నాను. అంతవరకే.

ఒక్కటి అడుగుతాను. మా వైపు ఆడవాళ్ల పాటల పుస్తకం మీ చేతికి వస్తే, చచ్చిపోయిన గొర్రెలను పేరుపేరునా పిలిచే పాట వెతకండి. దాని కింద మా అమ్మ పేరును సిరాతో కొట్టేయండి. సాయమ్మ అని రాయండి. రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆమెను తలచుకోండి.