బొగ్గుగుంట మూత

హెప్సిబాకు ముక్కు మీదే కోపం. చర్ల దగ్గర అడవంచున ఆమెకు రెండెకరాల ఎర్రచెలక ఉంది. చేలోకి చొరబడిన సర్కారు తుమ్మను కొట్టి, గుంటలో వేసి నిప్పుపెట్టి, పైన మట్టి కప్పి బొగ్గు చేస్తుంది. ఆ బొగ్గును పేడనీళ్లలో నానబెట్టి దుక్కిలో కలిపితే మొక్కజొన్న బలంగా వస్తుందని కళ్లారా చూసింది. గుంట చల్లారకముందే మూత తీస్తే మాత్రం మిగిలేది బూడిదే.

2007 ఎండాకాలంలో ఆ పొగ చూసి ఫారెస్టు గార్డు వచ్చాడు.

"ఏంది కాలుస్తున్నవ్? టేకా?"

"తుమ్మ సార్. రేపు పొద్దున తీసి చూపిస్త. ఇప్పుడు తీస్తే మండుతది."

"నాకు కథలు చెప్పకు," అంటూ అతను పార అందుకుని మట్టి తోసేశాడు.

గాలి తగలగానే మంట నిలువెత్తు లేచింది. నిప్పురవ్వలు పక్కనున్న చొప్పకుప్ప వైపు ఎగిరాయి. గార్డు పార వదిలేసి వెనక్కి జరిగాడు. హెప్సిబా నీళ్లబిందె తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మూత తీసింది నువ్వు. నువ్వే నీళ్లు పొయ్యి."

అతను పోశాడు. ఆమె మళ్లీ మళ్లీ నింపి తెచ్చింది. మంట ఆరాక చూస్తే అన్నీ తుమ్మ మొద్దులే. సగం బూడిదయ్యాయి.

ఆ వానాకాలం బొగ్గు అందిన సగం చేను నల్లగా, ఏపుగా లేచింది. అందని సగం పాలిపోయి మోకాలెత్తు దగ్గరే ఆగింది. ఒకరోజు గార్డు ఆ దారిన పోతూ, "పంట మంచిగున్నదమ్మా," అన్నాడు.

హెప్సిబా గట్టు దిగి అడ్డంగా నిలబడింది.

"అది నాది సార్. ఇటు చూడు, ఇది నీది."